పుట్టిలో పోయి చూసిన రోడ్స్ కోట

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే, మా లెక్కల సారు తన ఫోను తెచ్చి నా ముందు పెట్టారు. "మేడం, మీరు పోయొచ్చిన రోడ్స్ దీవి గిదే గద?" అన్నారు. తెర మీద ఉన్నది మన కృష్ణా నది. నీళ్ళ మీద ఆరేడు పుట్టి పడవలు గిరగిరా తిరుగుతూ ఒడ్డుకు వస్తున్నాయి. ఒడ్డున రాళ్ళ గోడ, గోడ మీద మేస్త్రీ పని హెల్మెట్లు పెట్టుకున్న మగవాళ్ళు, వాళ్ళ ఛాతీల మీద తెల్లటి శిలువలు. పక్కన మైకు పట్టుకుని కథ చెబుతున్నది నాతో కాలేజీలో చదివిన ఎస్తేరు. లక్షల మంది చూశారట. సారు మెచ్చుకుంటూ చెబుతుంటే నేను నవ్వు మొహంతో విన్నాను. డబ్బాలోని టమాట పప్పు మాత్రం ఆ రోజు అట్లాగే ఇంటికి తెచ్చాను. ఈ ప్రయాణం ఎందుకు మొదలైందని అడిగితే నా దగ్గర ఉన్న నిజమైన జవాబు ఇదే. కడుపు మంటతో బయలుదేరాను.

ఈ బ్లాగుకు కొత్తగా వచ్చినవాళ్ళకు కొంచెం వెనకటి సంగతి చెప్పాలి. నేను నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మూడేళ్ళ కిందట జీపీఎఫ్‌లో దాచుకున్నది తీసి ఒక టూరు బృందంతో గ్రీసు దేశం వెళ్ళాను. అందులో మూడు రోజులు రోడ్స్‌లో ఉన్నాం. టర్కీ తీరానికి దగ్గరగా సముద్రంలో ఉన్న ఆ దీవిని రెండు వందల ఏళ్ళకు పైగా ఒక క్రైస్తవ వీరుల సంఘం ఏలింది. సగం సన్యాసులు, సగం సిపాయిలు. యాత్రికుల కోసం దవాఖాన నడపడంతో మొదలై, తర్వాత కత్తి పట్టి, చివరికి కోట కట్టుకుని కూర్చున్నారు. తురుష్క సుల్తాను పెద్ద నౌకాదళంతో వచ్చి ఆ కోటను ఆరు నెలలు ముట్టడించాడు. గోడల కింద సొరంగాలు తవ్వి పేల్చాడు. కూలిన గోడ వెనక వీళ్ళు ఇంకో గోడ కట్టుకుంటూ నిలబడ్డారు. మందుగుండు అయిపోయి, మనుషులు తగ్గిపోయి, ఆఖరికి లొంగిపోతే సుల్తాను వాళ్ళను మర్యాదగా ఓడలెక్కి వెళ్ళిపోనిచ్చాడు. ఇదంతా నేను ఎనిమిది భాగాలుగా రాశాను. గోడల మందం రాశాను, కందకం లోతు రాశాను, రేవు దగ్గర కాఫీ ఎంతో కూడా రాశాను. ఎనిమిది భాగాలకూ కలిపి పంతొమ్మిది వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో తొమ్మిది నేను ఇచ్చిన జవాబులే.

ఎస్తేరు సొంతూరు వీపనగండ్ల. వాళ్ళ అమ్మానాన్నలు ఏడాదిలో ఎనిమిది నెలలు పూణె వైపు కూలి పనికి పోయేవారు. వనపర్తి డిగ్రీ కాలేజీలో మేమిద్దరం హిస్టరీ చదివాం. ఎప్పుడూ ఆమె మొదటిది, నేను రెండోదాన్ని. నేను రాత్రింబగళ్ళు కూర్చుని చదివింది ఆమె ఒకసారి విని రాసేసేది. రెండో సంవత్సరంలో ఇంట్లో గడవక చదువు ఆపి నర్సు ట్రైనింగుకు వెళ్ళిపోయింది. ఆ ఏడాది నేను మొదటిదాన్ని అయ్యాను, లోపల సంతోషపడ్డాను. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే ముందు జరిగింది మీకు అర్థం కాదు. ఇప్పుడామె వనపర్తిలో ఒక దవాఖానలో నర్సు. నేను రోడ్స్ నుంచి వచ్చిన వారానికి, ఒక ఆదివారం ఫోన్ చేసి గంటన్నర మాట్లాడింది. సముద్రం రంగు అడగలేదు, కోట సంగతి అడగలేదు. "దవాఖాన ఎట్లున్నది సరళా? మంచాలు ఎట్లేస్తుండిరి? ఊడ్చేదెవరు? రోగులకు తినిపించేదెవరు?" అని అవే ప్రశ్నలు. నేను ఉల్లిగడ్డలు తరుగుతూ, గైడు చెప్పినవి గుర్తున్నంత వరకు చెప్పాను. ఆ గంటన్నరలోంచి ఆమె ఒక నాటకం తీసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఖర్చు నాది, పేరు ఆమెది.

నాటకం ఆమె అత్తగారి ఊళ్ళో ఆడతారు. గద్వాల దగ్గర కృష్ణలో ఒక గడ్డ ఉంది, అంటే నది నడుమ దీవిలాంటి ఊరు. ఫిబ్రవరిలో వాళ్ళ చర్చి పండుగ రోజున పట్టపగలే ఆడతారు. ఈసారి పండుగ ఆదివారం పడింది. నేను ఎస్తేరుకు చెప్పకుండా బయలుదేరాను. సంచిలో ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను, తప్పులు రాసుకోవడానికి. అంతమంది ముందు, అదే మైకులో, ఈ కథ నాదని ఆమె చేత చెప్పించాలి. వెళ్ళిన పని అది, అంతకు మించి ఏమీ లేదు.

నాగర్‌కర్నూల్‌లో పొద్దున ఆరూ నలభై బస్సు ఎక్కాను. బిజినేపల్లి మీదుగా వనపర్తికి గంటంబావు పట్టింది. ఆడవాళ్ళైతే ఆధార్ కార్డు తప్పకుండా ఉంచుకోండి, జీరో టికెట్ ఇస్తారు. బిజినేపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా పల్లీ చేన్లు, పీకి కుప్పలు పెట్టిన పల్లీ మొక్కలు. వనపర్తిలో బస్సు మారి కొత్తకోటకు తొమ్మిదికల్లా చేరాను. హైవే పక్క హోటల్లో ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, అల్లం చట్నీ బాగుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు బెంగళూరు హైవే బస్సు ఎక్కి ఇక్కడే దిగవచ్చు, మూడు గంటల దారి. లేదంటే కాచిగూడలో రైలెక్కి నేరుగా గద్వాలలో దిగవచ్చు. నేను కొత్తకోట నుంచి ఆత్మకూరు మీదుగా జూరాల డ్యాం దారి పట్టాను, ఎందుకంటే చేపలు. షేర్ ఆటోలు రెండు మారితే వంద రూపాయల లోపే అయింది.

జూరాల దగ్గర రోడ్డు పొడవునా రేకుల షెడ్లు, ప్రతి షెడ్డు ముందూ పెద్ద పెనం. పదకొండు గంటలకే నూనె వాసన ఆకలి పుట్టించింది. ఒక షెడ్డులో కూర్చుని చేప ఫ్రై, జొన్న రొట్టె చెప్పాను. రెండూ కలిపి నూట ఎనభై. పెనం దగ్గర ఉన్న ఆవిడ యాభై దాటిన మనిషి, చేతులు ఆగకుండానే మాట్లాడుతోంది. "యాడికి పోతున్నవక్కా ఒక్కదానివే?" అని అడిగింది. గడ్డకు, నాటకం చూడటానికి అన్నాను. ఆమె మొహం విప్పారింది. "గా నర్సమ్మ నాటకానికా? పోయినేడు మా ఇంటోళ్ళందరం పోయినం. మాది చర్చి కాదు, ఏం కాదు. అయినా పోయినం. గంత ఏడుపొచ్చింది నాకు. గామె ఎట్ల తెలుసుకున్నదో ఏమో గా దేశం సంగతి" అంది. చేపలో ముల్లు గుచ్చుకున్నట్టు నటించాను. నిజానికి గుచ్చుకున్నది ఆ మాటే. పొద్దున్నుంచి ఎనభై కిలోమీటర్లు వచ్చినా నా పేరు ఎవరికీ తెలియదు, ఆమె పేరు చేపలు వేయించే ఆవిడకు కూడా తెలుసు.

డ్యాం దాటాక ఏటి రేవు వరకు ఆటో మాట్లాడుకున్నాను, నూట యాభై అన్నాడు. నడిపే ఆయన పేరు ఆంజనేయులు. ఆయన బామ్మర్ది నాటకంలో వీరుడట. "మావోనిది బొంబాయిల సెంట్రింగ్ పని. నాటకానికని ప్రతేడు టికెట్ కొనుక్కొని వస్తుండు. గోడ కట్టే వేషం గద, వేరేటోళ్ళకు ఇయ్యడు" అన్నాడు. గోడ కట్టే వేషం ఏమిటో నాకు అర్థం కాలేదు. "చూస్త గదక్కా, నేను చెప్తే ఏం మజా" అని నవ్వాడు. రేవు దగ్గర పుట్టీలు వరుసగా ఉన్నాయి. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, పుట్టి అంటే వెదురుతో పెద్ద గంప లాగా అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. మనిషికి ముప్పై రూపాయలు, అవతలికి పదిహేను నిమిషాలు. నడుమ ప్రవాహంలో అది ఒక చుట్టు తిరుగుతుంది. గట్టు మన వెనక్కి పోయి మళ్ళీ ముందుకు వస్తుంది. "కదలకు తల్లీ, మధ్యల కూసో, గంతే" అన్నాడు తెడ్డు వేసే తాత. రోడ్స్‌కు నేను మూడంతస్తుల ఓడలో వెళ్ళాను. దాంట్లో కూడా ఇంత భయం వేయలేదు.

గడ్డ మీద ఎనభై ఇళ్ళు ఉంటాయేమో. చర్చి ముందు మైదానంలో షామియానా, పెద్ద పెద్ద డేగిసాల్లో అన్నం. ఎస్తేరు నన్ను దూరం నుంచే చూసి ఆగిపోయింది, తర్వాత చెప్పుల్లేకుండానే పరుగెత్తుకుంటూ వచ్చి చేతులు పట్టుకుంది. జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది, మొహం మాత్రం నాకంటే బాగుంది. "ఏందే సరళా, జర ఫోన్ చేస్తే ఏం పోయింది? రేవుకు నేనే వస్తుంటి గద" అంది. "నీకు తీరికెక్కడిది, పెద్దదానివైనవ్" అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. "తిన్నవా?" అని అడిగి, తిన్నానంటే కూడా వినకుండా ప్లేటు పెట్టించింది. ఆమెకు నా కోపం కనిపించకపోవడం చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

రెండు గంటలకు నాటకం మొదలు కావాలి. నేను ముందు వరుసలో కుర్చీ కోసం పోతే వాలంటీరు బిళ్ళ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆపాడు. "అక్కడ కూసోవద్దమ్మా, అవి దొరలయి" అన్నాడు. మా పాలమూరులో దొర అంటే ఊళ్ళను ఏలిన భూస్వామి అని ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ గడ్డ మీది ఇళ్ళవాళ్ళ తాతలు దొర గడీ ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళు. వాళ్ళ పండుగలో ముందు కుర్చీలు దొరలకు ఎందుకు వేశారా అని నేను చూస్తుండగానే వాళ్ళు వచ్చారు. ముందు ఒక పక్షవాతం మనిషిని ఇద్దరు ఎత్తుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. తర్వాత కిడ్నీ జబ్బుతో మొహం ఉబ్బిన ఒక నడివయసు ఆయన వచ్చాడు. తర్వాత ఊరి ముసలివాళ్ళు, కళ్ళు కనిపించనివాళ్ళు వచ్చారు. చివరన నులక మంచంతో సహా ఒక అవ్వను నలుగురు మోసుకొచ్చి నడి మధ్యన దించారు. ఆమె పేరు బాలమ్మ. బిల్డింగు పనిలో పై నుంచి పడి నడుం విరిగి రెండేళ్ళుగా మంచం మీదే ఉందని పక్కామె చెప్పింది. "దొరలు వచ్చిండ్రు, లేవుండ్రి" అని మైకులో ఎస్తేరు గొంతు వినిపించింది. షామియానా కింద ఉన్న మనుషులందరూ లేచి నిలబడ్డారు. నేనూ లేచాను.

అప్పుడు గుర్తొచ్చింది. రోడ్స్‌లో ఆ పాత దవాఖాన హాల్లో గైడు చెప్పింది, ఆ సంఘంలో చేరేవాళ్ళు రోగులను తమ దొరలుగా భావించి సేవ చేస్తామని ప్రమాణం చేసేవాళ్ళని. ఎంత పెద్ద ఇంటి బిడ్డైనా రోగి ముందు నౌకరే. ఆ మాట నేను విన్నాను. ఎస్తేరు ఫోన్లో "తినిపించేదెవరు" అని నాలుగోసారి అడిగితే విసుగ్గా చెప్పాను కూడా. కానీ ఎనిమిది భాగాల్లో ఎక్కడా రాయలేదు. గోడల మందం రాశాను, ఇది రాయలేదు. ఆమె నా దగ్గర దొంగిలించిందనుకున్న కథలో అసలు సంగతి, నేను పారేసుకుంటే ఆమె ఏరుకున్నది. అది తెలిశాక అసూయ తగ్గుతుందని మీరనుకుంటారేమో. తగ్గలేదు, రెట్టింపైంది.

నాటకం సంగతి. వీరుల అంగీలు నల్ల నైలాను గుడ్డ, శిలువలు తెల్ల సిమెంటు సంచులు కత్తిరించి కుట్టినవి. హెల్మెట్లు అందరూ పనికి పోయిన చోటు నుంచి తెచ్చుకున్నవే, వెండి రంగు వేశారు. ఒకదాని మీద రంగు లేచిపోయి కింద పసుపు కనిపిస్తోంది. హార్మోనియం, మద్దెల, భాగోతం దరువు. తొలి అరగంటలో నా పుస్తకంలో పదకొండు తప్పులు రాసుకున్నాను. రోడ్స్‌లో జొన్న రొట్టె లేదు, సుల్తాను పుట్టిలో రాలేదు, ఇలాంటివి. తర్వాత పుట్టీలు వచ్చాయి. సుల్తాను వేషం కొత్తకోటలో లారీ మెకానిక్ ఖాజా భాయ్‌ది. ఆయన పుట్టి ఒడ్డుకు వచ్చే ముందు రెండు చుట్లు తిరిగింది. జనం నవ్వారు. ఆయన తిరుగుతూనే కత్తి దించకుండా నిలబడ్డాడు, నవ్వు ఆగిపోయింది. ఆయన సైన్యం దిగి వచ్చి రాళ్ళ గోడను గునపాలతో నిజంగానే కూల్చింది. అట్ట గోడ కాదు, మట్టితో కట్టిన అసలు గోడ. అది కూలగానే వీరులు కత్తులు పక్కన పెట్టి తాపీలు తీశారు.

గోడ కట్టే వేషం అంటే అది. అటు సుల్తాను మనుషులు కూలుస్తుంటే ఇటు ఆరుగురు మేస్త్రీలు వెనక ఇంకో గోడ లేపుతున్నారు. ఒకడు రాయి అందిస్తాడు, ఒకడు మట్టి వేస్తాడు, ఆంజనేయులు బామ్మర్ది దారం కట్టి వరుస చూస్తాడు. మద్దెల వాళ్ళ చేతుల వేగాన్ని బట్టి మోగుతోంది. జనంలో సగం మంది ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక గోడ కట్టినవాళ్ళే, అందుకే ఊరుకోలేరు. "మూల వంకర పోతుంది, తూకం గుండు దింపు," "పెద్దరాయి కింద వెయ్‌రా," "మట్టి పల్చగైంది" అని అరుస్తున్నారు. నడుం దాకా గోడ లేచినప్పుడు ఈలలు, చప్పట్లు. రోడ్స్‌లో ఆ గోడల ముందు నేను మూడు రోజులు తిరిగాను. అవి ఎవరో మనుషులు చేతులతో, బాణాల కింద, ఆకలితో కట్టారని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. వీళ్ళకు చెప్పకుండానే తెలుసు. పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను.

చివర్లో గోడ ఇక నిలవదు. వీరుల పెద్ద, తెల్ల గడ్డం మనిషి, సుల్తాను ముందుకు వస్తాడు. ఖాజా భాయ్ కత్తి ఒరలో పెట్టి అన్నాడు: "ముసలోన్ని ఇంట్లకెళ్ళి ఎళ్ళగొడుతున్న. గెలిసిన గని, నా పాణం సల్లగ లేదు." ఏటా ఈద్‌కు పిలిచే స్నేహితుడితో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు. "నీకేం కావాలె, అడుగు." గడ్డం మనిషి బంగారం అడగలేదు, కత్తులు అడగలేదు. "మా దొరలు ముందుగాల ఓడ ఎక్కాలె" అన్నాడు. అంతే, అటు వీరులు, ఇటు సుల్తాను సిపాయిలు కలిసి ముందు వరుసలోని రోగులను కుర్చీలతో సహా లేపి, భోజనాల దగ్గరికి తీసుకుపోయారు. అందరికంటే ముందు వాళ్ళకు వడ్డించారు. వీరుల వేషాల్లోనే కింద కూర్చుని, తినలేనివాళ్ళకు తినిపించారు. బాలమ్మ నోట్లో ముద్ద పెట్టింది ఖాజా భాయ్. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, వచ్చినందుకు ఎస్తేరు మీద మళ్ళీ మండింది.

ఆ మంటలోనే ఆమె దగ్గరికి పోయి అడిగేశాను. "ఈ కథ నీకెవరు చెప్పారో ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు?" ఎస్తేరు నా వైపు తిరిగింది. "మొదటేడు ఆడెటప్పుడు నీకు రెండుసార్లు ఫోన్ చేసిన. క్లాసుల ఉన్న అని పెట్టేసినవ్. పెద్ద టీచరమ్మవు, మా మేస్త్రీల నాటకంల పేరు చెప్తే నామోషీ అనుకుంటవేమో అని నేనే చెప్పలే" అంది. కోపంతో అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. నేను ఫోన్ పెట్టేయడం నాకు గుర్తుంది. క్లాసులో లేను. ఆమె వెంటనే మైకు తీసుకుంది. "అందరు జర వినుండ్రి. గీ కథ నాది కాదు. మా దోస్తు సరళ ఆ దేశం పోయి, కండ్లతోటి చూసి వచ్చి నాకు చెప్పింది. ఆమె లేకపోతే గీ నాటకం లేదు" అంది. నేను కోరుకున్నది అక్షరం పోకుండా దొరికింది. జనం చప్పట్లు కొట్టారు. ఎస్తేరు మైకు నా చేతిలో పెట్టింది.

నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి బాలమ్మ చెయ్యి ఎత్తింది. మూతికి అంటిన అన్నం మెతుకు తుడుచుకుని అడిగింది. "బిడ్డా, నువ్వు చూసొచ్చినవ్ గద. ఆ దవాఖానల పండుకున్న రోగులకు సముద్రం కనవడ్తుండెనా? శత్రువులు వస్తుంటే వాళ్ళకు తెలుస్తుండెనా, లేక గోడలే చూసుకుంట పండుకుందురా?" మైదానం అంతా నా వైపు చూసింది. నాకు తెలియదు. ఆ హాల్లో నేను ఇరవై నిమిషాలు ఉన్నాను. పొడుగాటి గది, నడుమ స్తంభాలు, గోడ వెంట చిన్న చిన్న అరలు, అంతవరకు గుర్తుంది. కిటికీ ఉందా, ఉంటే ఎటు వైపు, ఏమీ గుర్తు లేదు. తెలియదని చెప్పడానికి ఒక్క మాట చాలు. లక్షల మందికి వినిపించే మైకు అది, ఇప్పుడే నా పేరు చెప్పారు. "కనిపిస్తుందవ్వా. పెద్ద కిటికీ ఉంది. మంచం మీద నుంచే సముద్రం కనిపిస్తుంది" అన్నాను. బాలమ్మ తల వెనక్కి వాల్చింది. "గట్లనే ఉండాలె. మనిషి పండుకున్న కాడ గంత వెలుతురన్న ఉండాలె" అంది. ఎస్తేరు నా మొహం చూసింది. కాలేజీలో నేను కాపీ కొట్టినప్పుడు చూసిన చూపు అది. అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనలేదు.

అయిదున్నరకు చివరి పుట్టి. చీకటి పడ్డాక తెడ్డు వేయరు, అందుకని ఆ టైము మరిచిపోకండి. రేవు దాకా ఎస్తేరు వచ్చింది. "నీ బ్లాగు అంత చదివిన నేను, ఎనిమిది సార్లు రాసినవ్ గద. కిటికీ సంగతి రాయలేదేందే" అని మాత్రం అంది. నా రాతలు ఒక్కటీ వదలకుండా చదివే పాఠకురాలు ఒకతె ఉందని ఆ రేవులో తెలిసింది. నేను పుట్టిలో కూర్చుని చెయ్యి ఊపాను. గద్వాలలో బస్టాండు దగ్గర లాడ్జిలో ఆరు వందలకు శుభ్రమైన గది దొరికింది. మర్నాడు పొద్దున బస్సులో ఇంటికి వచ్చేశాను.

గురువారం ఎస్తేరు ఒక ఫోటో పంపింది. బాలమ్మ ఇంటి గది. ఆమె కొడుకు నాటకంలో రాళ్ళు అందించిన వీరుడట. తిరిగి పనికి పోయే ముందు మంచం పక్క గోడ పగలగొట్టి, పాత చౌకట్టు తెచ్చి కిటికీ పెట్టాడు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. కిటికీలోంచి కృష్ణ, అవతలి గట్టు, ఒక పుట్టి కనిపిస్తున్నాయి. మంచం మీద బాలమ్మ కెమెరా వైపు చూడటం లేదు. నేను చెప్పిన అబద్ధాన్ని కూడా వాళ్ళు పనికొచ్చేటట్టు చేసుకున్నారు. నా నిజాలు ఎనిమిది భాగాలు ఉండి ఏ గోడకూ ఒక రంధ్రం పెట్టలేదు. ఎస్తేరు మీద నా అసూయ ఇంకా పోలేదు, పోతుందని కూడా అనుకోను. కాకపోతే ఇంతకాలం ఆమె మార్కులు చూసి, పేరు చూసి ఏడ్చాను. ఇప్పుడు ఆమె ఫోన్లో అడిగిన ఆ ప్రశ్నలు చూసి ఏడుస్తున్నాను. ఆ రాత్రి రోడ్స్ ఫోటోలు మొత్తం తీశాను, పద్నాలుగు వందలు. ఆ దవాఖాన హాల్లోవి మూడున్నాయి. మూడింటిలోనూ నేనే ఉన్నాను, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతూ. వెనక గోడ వైపు నుంచి ఒకచోట నేల మీదికి వెలుతురు పడుతోంది. అది ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామంటే, సరిగ్గా అక్కడే నా తల అడ్డుంది. ఎస్తేరూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. కిటికీ ఉందో లేదో నాకు తెలియదు. బాలమ్మకు ఆ మాట చెప్పాలో వద్దో నువ్వే చూడు.

వచ్చే ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఒంటిగంటకల్లా రేవు చేరుకోండి, ముందు వరుస కుర్చీల్లో కూర్చోకండి, ఫోటో తీసుకునేటప్పుడు కొంచెం పక్కకు జరగండి.